నైజీరియాలో ప్రాంతాల పోరు, ప్రజాధనం లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

నైజీరియాలోని పోర్ట్ హార్కోర్ట్‌లో మూడేళ్లు ఉద్యోగం చేసి వచ్చాను. అప్పటి నుంచి బంధువులు, స్నేహితులు, అక్కడికి వెళ్లబోయే కుర్రాళ్లు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అంత చమురు ఉండి ఆ పేదరికం ఏమిటి? వాళ్లలో వాళ్లకు ఆ కొట్లాట దేనికి? తిన్నవాళ్లను ఎవరూ ఏమీ అనరా? విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. నాకు అర్థమైనంతలో ఈ మూడింటికీ వేరు ఒకటే. అక్కడ రాజకీయమంతా "మా వాటా ఎంత" అన్నదాని చుట్టూ తిరుగుతుంది. "వచ్చిన వాటా ఏమైంది" అన్న ప్రశ్నకు ఎప్పుడూ వంతు రాదు.

నైజీరియా కూడా మనలాగే రాష్ట్రాల సమాఖ్యేనా?

అవును. 36 రాష్ట్రాలు, రాజధాని అబూజా ప్రాంతం, వీటి కింద 774 లోకల్ గవర్నమెంట్లు. జనాభా 20 కోట్లు దాటింది. ఒక తేడా మొదటే గుర్తుపెట్టుకోవాలి. మనకు గవర్నర్ అంటే కేంద్రం పంపే మనిషి. అక్కడ గవర్నర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు. అసెంబ్లీలో మెజారిటీ పోయిందని దిగిపోయే పనిలేదు కాబట్టి మన ముఖ్యమంత్రి కంటే గట్టిగానే కూర్చుంటాడు. కానీ పోలీసులు అతని చేతిలో ఉండరు. దేశమంతటికీ ఒకటే పోలీసు శాఖ, అది అబూజా మాట వింటుంది.

ఈ ప్రాంతాల గొడవ ఎప్పటిది?

వేర్వేరుగా పాలిస్తున్న ఉత్తర, దక్షిణ ప్రాంతాలను 1914లో లుగార్డ్ అనే బ్రిటిష్ అధికారి కలిపేశాడు. కలపమని అక్కడివాళ్లు అడగలేదు. 1960 అక్టోబరు 1న స్వాతంత్ర్యం వచ్చేనాటికి మూడు పెద్ద ప్రాంతాలు ఉండేవి. ఉత్తరాన హౌసా-ఫులానీలు, పడమట యోరుబాలు, తూర్పున ఇగ్బోలు. ఒక్కో ప్రాంతంలో ఒక్కో పెద్ద జాతిదే పైచేయి. మిగిలిన 250కి పైగా జాతులు ఈ మూడింటి నీడలో పడిపోయాయి.

1966 జనవరిలో సైనిక తిరుగుబాటు జరిగింది. చేసినవాళ్లలో ఎక్కువమంది ఇగ్బో అధికారులు, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఉత్తరాది నాయకులు, అధికారులు. జులైలో ఎదురు తిరుగుబాటు. ఉత్తరాది నగరాల్లో ఇగ్బోలను వేలల్లో ఊచకోత కోశారు. 1967 మే 27న సైనిక పాలకుడు గోవన్ ప్రభుత్వం ప్రాంతాలను ముక్కలు చేసి 12 రాష్ట్రాలు ప్రకటించింది. మూడు రోజులకే తూర్పు ప్రాంత సైనిక గవర్నర్ ఓజుక్వు తన ప్రాంతాన్ని బియాఫ్రా అనే స్వతంత్ర దేశంగా ప్రకటించాడు. యుద్ధం 1970 జనవరి దాకా సాగింది. పది లక్షల నుంచి ముప్పై లక్షల మంది చనిపోయారని అంచనాలు. అందులో ఎక్కువమంది ఆకలితో పోయిన పిల్లలు.

యుద్ధం ముగిశాక "గెలిచినవాడు లేడు, ఓడినవాడు లేడు" అన్నారు. కానీ బ్యాంకులో ఎంత ఉన్నా ఇగ్బోల చేతిలో 20 పౌండ్లు పెట్టి సరిపెట్టారు. పోర్ట్ హార్కోర్ట్‌లో వాళ్లు వదిలి పారిపోయిన ఇళ్లను "యజమానులు లేని ఆస్తి" కింద జమకట్టారు. నేను అద్దెకున్న వీధిలోనే అలాంటి ఇళ్లు రెండు చూపించారు. యాభై ఏళ్లు దాటినా ఏ ఇల్లు ఎవరిదో పాతకాపులకు నోటికి వచ్చు. ఇదంతా తెలియకుండా ఇగ్బోలు "మాకు అన్యాయం జరిగింది" అంటుంటే ఊరికే అంటున్నారని అనుకోకూడదు.

చమురు డబ్బు పంపకం ఎలా జరుగుతుంది?

అసలు విషయం ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

చమురు ఆదాయం, వ్యాట్ తప్ప కేంద్రం వసూలు చేసే మిగతా పెద్ద పన్నులు ఫెడరేషన్ అకౌంట్ అనే ఒకే ఖాతాలో పడతాయి. చమురు డబ్బులో కనీసం 13 శాతం ముందుగా తీసి, చమురు పుట్టిన రాష్ట్రాలకు ఇవ్వాలని 1999 రాజ్యాంగం చెబుతోంది. మిగిలినదాంట్లో కేంద్రానికి 52.68 శాతం, రాష్ట్రాలకు 26.72 శాతం, లోకల్ గవర్నమెంట్లకు 20.60 శాతం. నెలనెలా అబూజాలో కమిటీ కూర్చుంటుంది, అన్ని రాష్ట్రాల ఆర్థిక అధికారులూ వస్తారు, ఎవరికి ఎంతో తేల్చుకుని వెళ్తారు. ఆ డబ్బు ఆలస్యమైతే చాలా రాష్ట్రాల్లో టీచర్లకు జీతాలు పడవు. "ఈ నెల అలకేషన్ వచ్చిందా?" అన్నది అక్కడ టీ కొట్టు దగ్గర కూడా వినపడే మాట.

ఇది ఎప్పుడూ ఇలా లేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఏ ప్రాంతంలో పండింది, తవ్వింది ఆ ప్రాంతానిదే అన్నట్టుండేది. గనుల ఆదాయంలో సగం పుట్టిన చోటికే పోయేది. ఉత్తరాన కానోలో వేరుసెనగ బస్తాలు గోపురాల్లా పేర్చేవాళ్లు. పడమట కోకో, తూర్పున పామాయిల్. కోకో డబ్బుతో పశ్చిమ ప్రాంతం 1955లోనే ఉచిత ప్రాథమిక విద్య పెట్టింది. ప్రభుత్వం రైతు మీద బతికింది కాబట్టి రైతు మాట వినాల్సి వచ్చింది. ఆ తర్వాత సైనిక పాలకులు చమురు చేతికి రాగానే అంతా కేంద్రానికి లాక్కున్నారు, పుట్టిన చోటి వాటా 1980ల్లో ఒకటిన్నర శాతానికి పడిపోయింది.

ఫలితం చూడండి. గవర్నర్‌కు డబ్బు తన జనం జేబులోంచి రాదు, అబూజా నుంచి వస్తుంది. జనం కూడా తాము కట్టింది కాదు కాబట్టి రసీదు అడగరు. దానికి "నేషనల్ కేక్" అని పేరు కూడా పెట్టారు. కేక్ కోసేటప్పుడు ముక్క ఎంత పెద్దదో చూస్తారు తప్ప, తెచ్చినవాడు ఇంటికి ఎంత పట్టుకెళ్లాడో ఎవరూ చూడరు.

13 శాతం వస్తున్నా నైజర్ డెల్టా వాళ్లకు కోపం ఎందుకు?

నైజర్ డెల్టా అంటే చమురు దొరికే దక్షిణ తీరం. మా కంపెనీ కారు నడిపే పెద్దాయన అక్కడి ఓగోని జాతి మనిషి. నన్ను "ఓగా" అని పిలిచేవాడు. పై ఉద్యోగిని, యజమానిని అక్కడ అలాగే అంటారు. మీరు నాకన్నా పెద్దవారు, అలా పిలవద్దండీ అంటే నవ్వి ఊరుకునేవాడు. ఒక ఆదివారం నన్ను వాళ్ల ఊరి వైపు తీసుకెళ్లాడు. ఆటు వేళ, వాగులో నీళ్లు దిగిపోయి ఉన్నాయి. మడచెట్ల వేళ్లన్నీ గ్రీజు పూసినట్టు నల్లగా ఉన్నాయి. కింద పడున్న కర్ర తీసుకుని బురదలో మూరెడు గుచ్చి పైకి లాగాడు. ఆ గుంటలోకి ఊరిన నీటి మీద నెమలి ఈకలా రంగులు తేలాయి. "చిన్నప్పుడు ఇక్కడే పీతలు పట్టేవాళ్లం. ఇప్పుడు మా ఆవిడ మార్కెట్లో ఐస్ ఫిష్ కొంటుంది ఓగా" అన్నాడు. వాగు ఒడ్డున పుట్టినవాళ్లు ఎక్కడో దూర దేశం నుంచి గడ్డకట్టి వచ్చిన చేప కొనుక్కుంటున్నారు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. నైజీరియాలో అమ్మకానికి సరిపడా చమురు మొదట దొరికింది 1956లో, ఇదే డెల్టాలోని ఒలోయిబిరిలో. ఓగోని ప్రజల హక్కుల కోసం పోరాడిన రచయిత కెన్ సారో-వివాను, మరో ఎనిమిది మందిని అబాచా సైనిక ప్రభుత్వం 1995 నవంబరు 10న ఉరితీసింది. ఓగోని నేలను శుభ్రం చేయడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టవచ్చని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2011లో చెప్పింది. బోడో అనే ఊళ్లో 2008లో పైపులు పగిలి చమురు పారితే, లండన్‌లో దావా వేశాక, 2015లో షెల్ చమురు కంపెనీ 5.5 కోట్ల పౌండ్లకు రాజీ పడింది. న్యాయం కోసం లండన్ దాకా పోవాల్సి వచ్చింది.

అయితే ఆ రోజు తిరుగు ప్రయాణంలో పెద్దాయన అన్న ఇంకో మాట నాకు ఎక్కువ గుర్తుంది. "కంపెనీ చేసింది సరే. మా పేరు చెప్పి నెలనెలా తెచ్చుకున్న 13 శాతం ఏది?" డెల్టా అభివృద్ధి కోసమే 2000లో ఎన్‌డీడీసీ అనే కమిషన్ పెట్టారు. దాని మీద 2019లో ఫోరెన్సిక్ ఆడిట్‌కు ఆదేశించారు. 2021 సెప్టెంబరులో నివేదిక వచ్చింది. 13 వేలకు పైగా కాంట్రాక్టులు గాడి తప్పాయని ప్రభుత్వమే చెప్పింది. పూర్తి నివేదికను మాత్రం అప్పట్లో జనం ముందు పెట్టలేదు. ఆ కమిషన్‌ను నడిపినవాళ్లలో బయటి ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు తక్కువ. చాలావరకు డెల్టా బిడ్డలే.

ఫెడరల్ క్యారెక్టర్ అంటే మన రిజర్వేషన్ లాంటిదా?

కులం ప్రకారం కాదు, రాష్ట్రం ప్రకారం. కేంద్ర ఉద్యోగాల్లో, పదవుల్లో ఏ ఒక్క రాష్ట్రమో, జాతో నిండిపోకూడదని రాజ్యాంగం చెబుతుంది. ప్రతి రాష్ట్రం నుంచి కనీసం ఒక మంత్రి ఉండి తీరాలి. ముల్కీ నిబంధనలు, ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, జోన్లు చూసిన తెలుగువాళ్లకు దీని వెనకున్న భయం ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు.

ఉద్దేశం మంచిదే. యుద్ధం చేసుకున్న దేశంలో ఎవరూ బయట ఉండిపోకూడదు. కానీ కేంద్ర ప్రభుత్వ యూనిటీ స్కూళ్ల ప్రవేశ పరీక్షలో ఇగ్బోల రాష్ట్రమైన అనంబ్ర పిల్లకు 130 పైచిలుకు మార్కులు రావాలి, ఉత్తరాదిన జంఫారా పిల్లకు పది లోపు వచ్చినా చాలు అన్న కటాఫ్‌లు బయటికొచ్చినప్పుడు, అనంబ్ర తల్లిదండ్రులకు కడుపు మండింది. నాకు బాధ కలిగించింది వేరే. ఆ జంఫారా పిల్లకు అయిదారేళ్లు సరైన బడి, టీచరు లేకుండా చేసిన గవర్నర్లను ఎవరూ నిలదీయలేదు. కటాఫ్ తగ్గించి చేతులు దులుపుకున్నారు.

రాష్ట్రపతి పదవి కూడా వంతులవారీగానా?

రాజ్యాంగంలో రాసి లేదు. పెద్ద పార్టీల్లో మాత్రం ఉత్తరానికి ఒకసారి, దక్షిణానికి ఒకసారి అన్న ఒప్పందం ఉంది. దాన్ని జోనింగ్ అంటారు. 1999 నుంచి వరుస చూస్తే ఒబసాంజో (దక్షిణం), యార్ అదువా (ఉత్తరం), ఆయన పదవిలో ఉండగా చనిపోతే జొనాథన్ (దక్షిణం), బుహారి (ఉత్తరం), టినుబు (దక్షిణం). 2022 జూన్‌లో టినుబు అబెయోకుటాలో మాట్లాడుతూ యోరుబాలో "ఎమి లోకాన్" అన్నాడు. ఇప్పుడు నా వంతు అని అర్థం. ఆ రెండు ముక్కలు దేశమంతా పాకాయి. ఇగ్బోల బాధ ఏమిటంటే, అసలు అధికారం ఉండే కార్యనిర్వాహక రాష్ట్రపతిగా వాళ్ల మనిషి ఒక్కడూ ఇంతవరకు ఎన్నిక కాలేదు.

ప్రాంతం చూడకుండా ఓటేసిన రోజు కూడా ఉంది. 1993 జూన్ 12 ఎన్నికల్లో యోరుబా అభ్యర్థి అబియోలా, ఉత్తరాది ప్రత్యర్థి సొంత రాష్ట్రమైన కానోలో కూడా గెలిచాడు. సైనిక ప్రభుత్వం ఆ ఎన్నికనే రద్దు చేసింది. జనం కలిసిన ఒక్కసారీ పైవాళ్లు ఒప్పుకోలేదు.

జనాభా లెక్కలంటే అంత గొడవ ఎందుకు?

తల లెక్క మీద డబ్బు, సీట్లు ఆధారపడతాయి కాబట్టి. 1962 లెక్కల్ని పారేశారు, 1963 లెక్కల మీద తగువు, 1973 లెక్కల్ని రద్దు చేశారు. 2006లో కానోకు 94 లక్షలు, లాగోస్‌కు 90 లక్షలు అని వచ్చింది. లాగోస్ ప్రభుత్వం ఒప్పుకోకుండా, మాది కోటీ 75 లక్షలు అని తన లెక్క తాను చెప్పుకుంది. ఆ తర్వాత దేశంలో జనగణనే జరగలేదు. లోకల్ గవర్నమెంట్ల సంఖ్యలోనూ ఇదే తంతు: కానోకు 44, లాగోస్‌కు 20. నిధులు వీటి పేరునే వస్తాయి. ఎంతమంది పిల్లలున్నారో తెలియని దేశంలో ఎన్ని బడులు కట్టాలో మాత్రం ఎలా తెలుస్తుంది?

వ్యాట్ తగాదా ఏమిటి?

వ్యాట్ లెక్క కంపెనీ హెడ్ ఆఫీసు ఉన్న చోట పడేది. హెడ్ ఆఫీసులు ఎక్కువ లాగోస్‌లో ఉన్నాయి. కానోలో కొన్న సబ్బుకు కట్టిన పన్ను లాగోస్ ఖాతాలో చూపిస్తున్నారని ఉత్తరాది వాదించేది. దక్షిణాది వాదన ఇంకొకటి: కానోలో షరియా పోలీసులు లారీల కొద్దీ బీరు సీసాలు పగలగొడతారు, దక్షిణాదిన బీరు మీద వచ్చిన వ్యాట్‌లో వాటా మాత్రం తీసుకుంటారు. రెండు వాదనల్లోనూ నిజం ఉంది.

2024లో టినుబు ప్రభుత్వం పన్ను బిల్లులు తెస్తే ఉత్తరాది గవర్నర్లు గట్టిగా అడ్డుకున్నారు. చివరికి రాష్ట్రాల వాటాలో 50 శాతం సమానంగా, 20 శాతం జనాభా ప్రకారం, 30 శాతం వాడకం ప్రకారం అని రాజీ కుదిరింది. 2025 జూన్‌లో సంతకాలయ్యాయి. వాడకం లెక్కలోకి వచ్చిందంటే, తన ఊళ్లో వ్యాపారం పెరిగితే గవర్నర్‌కూ లాభం. నాకు ఇందులో కొంచెం ఆశ కనిపించింది. అన్ని నెలలు నడిచిన ఆ గొడవలో, వచ్చిన వ్యాట్‌ను ఎలా ఖర్చు పెట్టారో చెప్పమని ఒక గవర్నర్ మరో గవర్నర్‌ను అడిగినట్టు మాత్రం నేను వినలేదు.

తిన్న గవర్నర్లను పట్టుకునేవాళ్లు లేరా?

ఉన్నారు. అవినీతిని పట్టుకునే సంస్థలు రెండు, ఐసీపీసీ 2000లో, ఈఎఫ్‌సీసీ 2003లో వచ్చాయి. కానీ రాజ్యాంగంలోని 308వ సెక్షన్ ప్రకారం పదవిలో ఉన్నంతకాలం గవర్నర్ మీద కేసు నడవదు. భద్రత ఖర్చులకని "సెక్యూరిటీ ఓటు" పేరుతో వాళ్ల చేతిలో ఉండే డబ్బుకు జనానికి చూపే లెక్క లేదు.

డెల్టా రాష్ట్రాన్ని 1999 నుంచి 2007 దాకా పాలించిన జేమ్స్ ఇబోరి కథ చెబితే మొత్తం అర్థమవుతుంది. 2009లో నైజీరియా కోర్టు ఆయన మీదున్న 170 అభియోగాలనూ కొట్టేసింది. 2010లో మళ్లీ పట్టుకోబోతే సొంతూరు ఒఘారాలో కుర్రాళ్లు పోలీసులకు అడ్డం నిలబడ్డారు. ఆయన దుబాయ్ పారిపోతే అక్కడ పట్టుబడి లండన్ చేరాడు. అక్కడి కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు, 2012లో 13 ఏళ్ల శిక్ష పడింది. 2017లో తిరిగొస్తే ఒఘారాలో పండగ చేశారు.

ఆ కుర్రాళ్లను తిట్టడం తేలిక. వాళ్ల వైపు నుంచి ఒకసారి ఆలోచిస్తే, అబూజా ఎప్పుడూ వాళ్లకు పరాయిదే. ఇబోరి తిన్నా అందులో కొంత ఊళ్లో ఖర్చుపెట్టాడు. "మిగతా ప్రాంతాల దొంగలను వదిలేసి మావాడినే ఎందుకు పట్టుకున్నారు?" అన్న మాటలో కొంత నిజం కూడా ఉంది, ఎందుకంటే కేసులు చాలాసార్లు రాజకీయాన్ని బట్టే కదులుతాయి. 2021లో బ్రిటన్ ఆ కేసుతో ముడిపడిన 42 లక్షల పౌండ్లు తిరిగిచ్చింది. కేంద్రం వాటిని దేశంలోని పెద్ద రోడ్లకు, నైజర్ నది మీద వంతెనకు వాడతామంది. దోచింది మా డబ్బు, మాకే రావాలని డెల్టా నాయకులు లేచారు. దోపిడీ జరుగుతున్నప్పుడు ఆ గొంతులు ఇంత గట్టిగా లేవలేదు.

కింది స్థాయిలో, ఊళ్లో పరిస్థితి ఏమిటి?

అసలు దెబ్బ అక్కడే. లోకల్ గవర్నమెంట్ల డబ్బు రాష్ట్రంతో ఉమ్మడి ఖాతాలో పడేది, గవర్నర్ దయతలచి వదిలినంతే వాటికి. వాటి ఎన్నికలు జరిపేది రాష్ట్ర కమిషనే కాబట్టి, ఏ రాష్ట్రంలో చూసినా అక్కడి అధికార పార్టీ దాదాపు అన్ని సీట్లూ ఊడ్చేస్తుంది. 2024 జులై 11న సుప్రీంకోర్టు, ఆ డబ్బు నేరుగా లోకల్ గవర్నమెంట్లకే వెళ్లాలని తీర్పు ఇచ్చింది. తీర్పు వచ్చినంత వేగంగా అమలు రాలేదు.

జనం లెక్క అడగడం లేదా?

అడుగుతున్నారు, ఎక్కువగా కుర్రకారు. 2011లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఏడు రోజుల్లో జవాబివ్వాలి. మాకు వర్తించదని చాలా రాష్ట్రాలు మొండికేస్తే, అన్ని స్థాయిలకూ వర్తిస్తుందని 2025లో సుప్రీంకోర్టు తేల్చింది. బడ్జిట్ అనే సంస్థ బడ్జెట్ పుస్తకాలను బొమ్మలతో విడమరిచి చెబుతుంది. దాని ట్రాకా విభాగం వాళ్లు కాగితం మీద ఉన్న ఆసుపత్రి, బోరు నిజంగా ఊళ్లో ఉందో లేదో వెళ్లి చూసి ఫొటో పెడతారు.

2020 అక్టోబరులో పోలీసుల దౌర్జన్యం మీద, ముఖ్యంగా సార్స్ అనే వాళ్ల ప్రత్యేక దళం మీద, ఎండ్‌సార్స్ ఉద్యమం లేచింది. ఫెమినిస్ట్ కొయలిషన్ అనే అమ్మాయిల బృందం చందాలు పోగుచేసి, ఎంత వచ్చింది, అంబులెన్సుకు ఎంత, లాయర్లకు ఎంత, భోజనాలకు ఎంత అని లెక్కలు బయట పెడుతూ వచ్చింది. అక్టోబరు 20న లాగోస్‌లోని లెక్కి టోల్‌గేట్ దగ్గర సైన్యం కాల్పులతో ఉద్యమం చెదిరింది. కానీ ఇరవై, ముప్పై ఏళ్ల పిల్లలు లెక్క ఇలా చూపాలని చేసి చూపించారు. నాకు ఆ రోజుల గురించి చెప్పిన తోటి ఉద్యోగిని, తన ఫోన్‌లో ఆ లెక్కల స్క్రీన్‌షాట్ ఇంకా దాచుకుని ఉంది.

విడిపోతే సమస్య తీరదా?

ఒకే ఊళ్లో అన్ని జాతుల మనుషులూ కలిసి బతుకుతున్న దేశం అది. కానోలో ఇగ్బో దుకాణాలు, లాగోస్‌లో హౌసా మాంసం కొట్లు, పోర్ట్ హార్కోర్ట్‌లో అందరూ. పైగా రాష్ట్రాలు మూడు ప్రాంతాల నుంచి 12, 19, 21, 30, చివరికి 36 అయ్యాయి. ప్రతిసారీ కొత్త సచివాలయం, కొత్త కార్లు వచ్చాయి. లెక్క చెప్పే అలవాటు మాత్రం ఏ విభజనతోనూ రాలేదు.

నేను అక్కడికి ఉద్యోగానికి వెళ్తున్నాను. ఈ విషయాల్లో ఎలా మెలగాలి?

పేరు విని నీది ఏ జాతి అని మొదటి రోజే అడగకండి. వాళ్లే చెబుతారు, చెప్పినప్పుడు వినండి. బియాఫ్రా మాట సరదా కబుర్లలోకి లాగకండి, ఎదుటివాళ్ల ఇంట్లో ఎవరు పోయారో మనకు తెలియదు. "మీ దేశంలో అంతా అవినీతే" అని మనం అనకూడదు. వాళ్లు మనకంటే గట్టిగా అంటారు, అనే హక్కు వాళ్లది. పోర్ట్ హార్కోర్ట్ అయితే తెల్ల కర్టెన్లు కొనకండి. దొంగ చమురు కాచే బట్టీల మసి 2016 నుంచి ఊరి మీద పడుతోంది, పొద్దున కిటికీ గట్టు తుడిస్తే సాయంత్రానికి మళ్లీ వేలికి నల్లగా అంటుతుంది. మీ డ్రైవర్ పెద్దవాడైతే, ఒక ఆదివారం మీ ఊరు చూపిస్తారా అని ఆయన్ని అడగండి.